37.5 కిలోల దగ్గర ఆగిపోయిన బార్: ఒక బెంచ్ ప్రెస్ కేస్ స్టడీ

బెంచ్ ప్రెస్ అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని, బరువున్న బార్‌ను ఛాతీ దాకా దించి తిరిగి పైకి నెట్టడం. బార్ ఛాతీ మీదికి దిగేటప్పుడు, తిరిగి పైకి లేచేటప్పుడు కోచ్ కళ్లు దాని మీదే ఉంటాయి. నావీ అంతే. ఈ కేసులో ఏడు వారాలపాటు ఆ దారినే చూస్తూ కూర్చున్నాను. తప్పు మాత్రం ఆ దారి మొదలు కాకముందే జరిగిపోతూ వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి అంత కాలం ఎందుకు పట్టిందో, పట్టుకున్నాక ఏం చేశామో వరసగా రాస్తున్నాను. ఇది నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒకామె కథ, ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని పోల్చుకునే వీలున్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆమెకు 41 ఏళ్లు. శరీర బరువు 62 కిలోలు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. నా దగ్గరికి రావడానికి ముందు ఎనిమిది నెలలుగా సొంతంగా బరువులు ఎత్తుతున్నారు. క్రమం తప్పని మనిషి. మొదటి రోజే ఒక చిన్న పుస్తకం తెచ్చి చూపించారు. ఏ రోజు ఏ బరువు, ఎన్నిసార్లు అన్నది తేదీలతో సహా అందులో ఉంది. ఇంత శ్రద్ధగా రాసుకునేవాళ్లు అరుదు, నా పని సగం తేలికైందనుకున్నాను.

బెంచ్ ప్రెస్‌లో ఆమె చేసిన అత్యుత్తమం 35 కిలోలు, మూడు సార్లు. అక్కడి నుంచి 37.5కి వెళ్లాలని మూడు నెలలుగా ప్రయత్నం. ఒక్కసారి కూడా పూర్తిగా లేవలేదు. పైగా ఆరు వారాలుగా కుడి భుజం ముందు భాగంలో నొప్పి. 0 నుంచి 10 వరకు అంకె చెప్పమంటే బరువు ఎత్తేటప్పుడు 4, మరుసటి ఉదయం 2 అన్నారు. లక్ష్యం 50 కిలోలు, ఒక్కసారి, నొప్పి లేకుండా.

బార్ ముట్టుకోకముందు కొన్ని ప్రశ్నలు అడిగాను. రాత్రి నిద్రలో నొప్పి లేపుతోందా? చేతి వేళ్ల దాకా తిమ్మిరి పాకుతోందా? ఎత్తుతున్నప్పుడు ఎప్పుడైనా 'టప్' మని శబ్దం వచ్చి, తర్వాత చంక దగ్గర కమిలిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు వైద్యుడు చూడాలి. ఛాతీ కండరం తెగడం ఎక్కువగా బెంచ్ ప్రెస్‌లోనే, అదీ బార్ కిందికి దిగే దశలో జరుగుతుంది కనుక ఆ ప్రశ్న ఎప్పుడూ వదలను. రక్తపోటు గురించీ అడిగాను. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా బాగా పెరుగుతుంది. ఆమెకు ఈ సమస్యలేవీ లేవు. భుజాన్ని అప్పటికే వైద్యుడికి చూపించారు. చిరుగు లక్షణాలు లేవనీ, బరువు తగ్గించి చేసుకోవచ్చనీ చెప్పారట.

నేను పట్టించుకోని ఒక ఆధారం

ఆ పుస్తకంలోనే జవాబుకు దారి ఉంది. ఒక బరువును ఎన్నిసార్లు ఎత్తగలరో తెలిస్తే, ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత ఎత్తగలరో అంచనా వేసే సూత్రం మా వృత్తిలో అందరూ వాడేదే. చేసిన సార్లను 30తో భాగించి, దానికి 1 కలిపి, బరువుతో గుణించాలి. 35 కిలోలు మూడు సార్లు అంటే దాదాపు 38.5 కిలోలు. అంటే 37.5 ఒక్కసారి రావాలి. రావడం లేదు. అంచనా అంచనాయే కాబట్టి కిలో అటూ ఇటూ అవుతుందిలే అనుకుని దాటేశాను. బలం సరిపోక కాదు, ఆ బలం బార్‌కు అందక లేవడం లేదేమో అని అడగవలసింది అప్పుడే.

ఆమె మరో మాట కూడా చెప్పారు. "రాదని తెలిసినా ప్రతి శనివారం 37.5 పెట్టి చూస్తాను. ఏదో ఒక వారం వస్తుంది కదా." ఇక మీదట అలా చేయవద్దన్నాను, అంతే. ఎందుకు చేస్తున్నారని అడగలేదు. దాని ఫలితం తర్వాత చూశాను.

మొదటి ప్రయత్నం: బరువు తగ్గించడం

నా మొదటి ఆలోచన సూటిగానే ఉంది. నొప్పి ఉంది, బరువు ఎక్కువైంది, తగ్గించి మళ్లీ ఎక్కుదాం. 27.5 కిలోలతో మూడు సెట్లు (మధ్యలో ఆగకుండా చేసే విడతలు), సెట్టుకు ఎనిమిది సార్లు, వారానికి రెండు రోజులు. రెండు వారాలకోసారి 2.5 కిలోల పెంపు.

పట్టు వెడల్పు కూడా మార్చాను. ఆమె బార్ మీద చెక్కిన గీతల దగ్గర పట్టుకుంటున్నారు. ఎవరో పెద్ద బరువులు ఎత్తే మనిషిని చూసి నేర్చుకున్నారట. ఆ గీతల మధ్య దూరం 81 సెంటీమీటర్లు. పోటీల్లో చూపుడు వేళ్లు అంతకంటే వెడల్పుగా ఉండకూడదని చెప్పే హద్దు అది. అక్కడే పట్టుకోమని చెప్పే గుర్తు కాదు. ఆమె భుజాల వెడల్పు 36 సెంటీమీటర్లు. అందుకు ఒకటిన్నర రెట్లు, అంటే 54 సెంటీమీటర్ల దగ్గరికి చేతులు తెచ్చాం. పట్టు మరీ వెడల్పైతే బార్ ఛాతీని తాకే చోట పైచేయి ఒంటికి బాగా దూరంగా తెరుచుకుంటుంది, భుజం కీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ మార్పు కొంత ఉపశమనం ఇచ్చింది. 27.5 దగ్గర నొప్పి 1కి దిగింది.

30 దగ్గర 2 అయింది. ఐదో వారంలో 32.5 పెట్టగానే మళ్లీ 4. తగ్గించాం, ఎక్కాం, అదే మెట్టు మీద అదే చోట మళ్లీ జారాం.

రెండో ప్రయత్నం: మోచేతులు

అప్పుడు ఇంకో పొరపాటు చేశాను. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచమని ప్రతి సెట్టులోనూ చెప్పడం మొదలుపెట్టాను. మాట తప్పు కాదు. కానీ ఆమె శ్రద్ధగల మనిషి, చెప్పినదానికంటే ఎక్కువే చేస్తారు. రెండు వారాల్లో మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోయాయి. బార్ కింద నిటారుగా ఉండవలసిన ముంజేతులు తల వైపు వాలిపోయాయి. భుజం నొప్పి అలాగే ఉండగా మోచేయి లోపలి వైపు కొత్త నొప్పి వచ్చింది.

బార్ ఛాతీని తాకిన క్షణంలో, పక్క నుంచి చూసినా కాళ్ల వైపు నుంచి చూసినా ముంజేయి నేలకు నిలువుగా ఉండాలి. మణికట్టు వెనక్కి విరగకుండా, బార్ అరచేతి మొదలు మీద, ముంజేయి ఎముకకు సరిగ్గా పైన కూర్చోవాలి. ఇప్పుడు నేను మోచేయి పేరే ఎత్తను. "ముంజేయి నిలువుగా ఉందా?" అని మాత్రం అడుగుతాను. అప్పుడు మోచేయి ఎక్కడ ఉండాలో అదే చూసుకుంటుంది.

మధ్యలో ఒక వారం డంబెళ్లు కూడా ప్రయత్నించాం. మాకు అందుబాటులో ఉన్నవి ఒక్కోటి 2.5 కిలోల తేడాతో ఉన్నాయి. చేతికి 2.5 అంటే మొత్తం 5 కిలోల గెంతు. వెంటనే మానేశాం.

అసలు తప్పు కనబడిన రోజు

సెట్లను ఫోనులో తీసి చూపించడం నాకు అలవాటు. బార్ ఛాతీ పైన నిలిచాక మొదలుపెట్టేవాడిని, చివరి రెప్ (ఒక్కసారి దించి ఎత్తడం) కాగానే ఆపేవాడిని. ఏడో వారం చివర ఒక రోజు ఫోను ముందే నొక్కి బెంచ్ పక్కన పెట్టి, బార్ చివర ప్లేట్లు సరిచేయడానికి వెళ్లాను. ఆమె పడుకోవడం, పట్టుకోవడం, బార్‌ను ర్యాకు (బార్‌ను మోసే స్తంభాల చట్రం) హుక్కుల నుంచి తీయడం మొత్తం రికార్డయింది.

రాత్రి కూర్చుని చూశాను. పడుకున్నప్పుడు రెక్క ఎముకలు రెండూ వెనక్కి, కిందికి లాగి బెంచ్‌కు అదిమి ఉంచారు. నేను నేర్పినట్టే, చక్కగా. తర్వాత చేతులు పూర్తిగా చాచి బార్‌ను హుక్కు అంచు మీదుగా దాటించడానికి పైకి నెట్టారు. ఆ నెట్టుడులో కుడి భుజం బెంచ్ మీద నుంచి రెండు వేళ్ల ఎత్తు లేచింది. చొక్కా మీద, చంకకు పైన, ఒక మడత విచ్చుకుపోవడం స్పష్టంగా కనబడింది. బార్ ఛాతీ పైకి వచ్చి నిలిచింది. భుజం మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఆ తర్వాత చేసిన ఐదు రెప్‌లూ అలా ముందుకు జారిన భుజంతోనే. బార్ దారి మాత్రం చూడముచ్చటగా ఉంది.

హుక్కులు ఎత్తుగా ఉన్నాయి, అంతే సంగతి. ఆమె చేతులు పొట్టి. ఆ ర్యాకులో హుక్కుల రంధ్రాల మధ్య ఎడం దాదాపు 10 సెంటీమీటర్లు. పై రంధ్రం ఆమెకు 4 సెంటీమీటర్లు ఎక్కువ, కింది రంధ్రం 6 సెంటీమీటర్లు తక్కువ. 37.5 ఎందుకు లేవలేదో ఇక్కడ అర్థమైంది. వీపు మీద కదలకుండా ఉండవలసిన ఆధారాన్ని మొదటి క్షణంలోనే వదిలేసి, ఛాతీ కండరానికి నిలదొక్కుకునే చోటు లేకుండా చేసి ఆమె ఎత్తుతున్నారు.

ఇంతకుముందు రెండుసార్లు పొరబడ్డాను కాబట్టి ఈసారి నమ్మే ముందు పరీక్షించాలనుకున్నాను. మరుసటి రోజు 30 కిలోలు పెట్టి నాలుగు సెట్లు చేయించాను. ఒకటి, మూడు సెట్లలో తల వైపు నిలబడి బార్‌ను నేనే హుక్కుల నుంచి తీసి ఆమె చేతుల పైకి తెచ్చి వదిలాను. రెండు, నాలుగు సెట్లలో ఆమే తీసుకున్నారు. మిగతావన్నీ ఒకేలా ఉంచాను. ఏం చూస్తున్నానో ఆమెకు చెప్పలేదు. సెట్టు కాగానే నొప్పి అంకె మాత్రం అడిగాను. 1, 3, 1, 3 అన్నారు.

ర్యాకును ఆమెకు సరిపెట్టడం

ప్రతిసారీ బార్ అందించడానికి నేను ఉండలేను. అందుకని బెంచ్‌నే పైకి లేపాం. నేల మీద పరిచే గట్టి రబ్బరు పలకలు, 2 సెంటీమీటర్ల మందం ఉన్నవి, రెండేసి చొప్పున బెంచ్ రెండు కాళ్ల కిందా పెట్టాం. ఎక్కి కూర్చుని అటూ ఇటూ గట్టిగా ఊపి చూశాను. బెంచ్ కొంచెం ఊగినా ఆ ఏర్పాటు పనికిరాదు.

బెంచ్ లేచేసరికి ఆమె పాదాలు నేలకు సరిగ్గా ఆనడం మానేశాయి. మునివేళ్లే తగిలాయి. పాదాల కింద ఒక్కో వెడల్పాటి ప్లేటును బోర్లా పెట్టాం. పొట్టివాళ్లు పాదాల కింద ఆధారం పెట్టుకోవడానికి పోటీల్లో కూడా అనుమతి ఉంది, ఇందులో మోసమేమీ లేదు.

ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం సేఫ్టీ కడ్డీలు, అంటే బార్ లేవకపోతే దాన్ని ఆపడానికి రెండు పక్కలా ఉండేవి. బెంచ్ 4 సెంటీమీటర్లు లేచిందంటే, కడ్డీలు ఆమె ఛాతీకి అంతే కిందికి వెళ్లిపోయినట్టు. పాత ఎత్తులో వదిలేస్తే బార్ కడ్డీల మీద ఆగదు, మెడ మీద ఆగుతుంది. అదృష్టం కొద్దీ కింది భాగంలో రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. కడ్డీలను పైకి జరిపి ఖాళీ బార్‌తో సరిచూశాం. ఛాతీ పైకెత్తి వీపు బిగించి ఉన్నప్పుడు బార్ ఛాతీని తాకాలి, కడ్డీలకు వేలి మందం ఖాళీ మిగలాలి. ఊపిరి వదిలి వీపు బెంచ్‌కు పరిచేయగానే బార్ కడ్డీల మీదికి దిగి, ఒంటి మీద బరువు పోవాలి. బార్‌ను మెడ వైపు జరిపినా గొంతుకు తగలకూడదు. ఈ మూడూ ఆమెతోనే చేయించాను. 'బార్ లేవకపోతే ఏం చేయాలి' అన్నది చేతులకు తెలియాలి. భయం తగ్గిన మనిషి బార్‌ను నిదానంగా దించుతాడు.

బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకోవాలని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను. బొటనవేలు కలపకుండా పట్టుకున్న బార్ జారితే పడేది ఛాతీ మీదే.

పెంపు లెక్క

రెండో సమస్య ప్లేట్లది. అక్కడ అన్నిటికంటే చిన్న ప్లేటు 1.25 కిలోలు. రెండు వైపులా కలిపితే 2.5. వంద కిలోలు ఎత్తే మనిషికి అది రెండున్నర శాతం. 35 కిలోలు ఎత్తే ఈమెకు ఏడు శాతానికి పైనే. వంద కిలోలవాళ్లను ఒకేసారి 107 ఎత్తమని నేనెప్పుడూ అడగలేదు. ఈమెను మూడు నెలలుగా ర్యాకు అడుగుతూనే ఉంది, తర్వాత నేను కూడా అడిగాను.

అర కిలో, పావు కిలో ప్లేట్లు తెప్పించాను. ఇప్పుడు పెంపు 1 కిలో, తర్వాత అర కిలో.

25 కిలోల దగ్గర మొదలుపెట్టాం. వారాల లెక్క కూడా ఇక్కడి నుంచి కొత్తగా. అంత తక్కువ ఎందుకని ఆమె అడిగారు. కొత్త అమరికలో మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడీ వ్యవస్థ నేర్చుకోవడం వల్ల వస్తుంది. తర్వాత కండరం పెరుగుతుంది. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు వాటికంటే నెమ్మదిగా గట్టిపడతాయి. బార్ తేలికగా లేస్తోంది కదా అని పరుగెత్తితే వెనకబడేవి అవే. అప్పటికే నొప్పి చూసిన భుజానికి ఆ వ్యవధి ఇవ్వాలి.

వారానికి మూడు రోజులు. మొదటి రోజు నాలుగు సెట్లు, ఐదేసి సార్లు. రెండో రోజు అందులో ఎనభై శాతం బరువుతో మూడు సెట్లు, నాలుగేసి సార్లు, బార్‌ను ఛాతీ మీద రెండు సెకన్లు కదలకుండా నిలిపి. ఈ నిలపడం వల్ల భుజం జారితే ఆమెకే తెలుస్తుంది, బార్ ఎగిరి లేచే అవకాశమూ ఉండదు. మూడో రోజు పట్టు కొంచెం దగ్గరగా, తేలిక బరువుతో ఎనిమిదేసి సార్లు. ఎత్తే ప్రతి సెట్టుకు రెండు సెట్లు లాగే వ్యాయామం, ఎక్కువగా రోయింగ్.

పెంచడానికి రెండు షరతులు పెట్టాను. చివరి సెట్టు అయ్యాక ఇంకా రెండు రెప్‌లు చేయగలనని ఆమెకు అనిపించాలి. నొప్పి ఎత్తేటప్పుడు 3 దాటకూడదు, మరుసటి ఉదయానికి మామూలు స్థితికి రావాలి. ఏది తప్పినా అదే బరువు మళ్లీ. ప్రతి ఐదో వారం తేలిక వారం, సెట్లు సగం.

తొమ్మిదో వారం

32 కిలోలు. ముందు వారం చురుగ్గా లేచిన బార్ ఈసారి బరువుగా, మధ్యలో ఆగి ఆగి లేచింది. నిద్ర, పని, ఆరోగ్యం అన్నీ అడిగాను. చివరికి ఆమే చెప్పారు. రెండు రోజుల ముందు ఒంటరిగా వెళ్లి 37.5 పెట్టి చూశారట. వేరే బెంచ్ మీద, కడ్డీలు లేకుండా. లేవలేదు. ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చి బయటపడ్డారు.

ఒళ్లు జలదరించింది. కానీ ఈసారి మొదట అడగని ప్రశ్న అడిగాను. "ఎందుకు చేశారండీ?"

"వారానికి కిలో పెరుగుతోందంటారు. నిజంగా బలం పెరుగుతోందో, మొదట తగ్గించినదే తిరిగి వస్తోందో నాకెలా తెలుస్తుంది?"

న్యాయమైన ప్రశ్న. తెలుసుకోవాలన్న ఆ అవసరాన్ని నేను నిషేధించాను, తీర్చలేదు. నిషేధిస్తే అది కడ్డీలు లేని బెంచ్ మీదికి వెళ్లింది. ప్రతి తేలిక వారానికి ముందు, చివరి సెట్టులో ఒక్క రెప్ మిగిల్చి చేయగలిగినన్ని చేయమన్నాను. పైన చెప్పిన సూత్రంతో గరిష్ఠ బరువు అంచనా కట్టి ఆమె పుస్తకంలో ఆమె చేతే రాయించాను. ఆ అంకె పెరుగుతూ ఉండడం చూశాక శనివారాలు మళ్లీ రాలేదు.

ఫలితం

14వ వారానికి 35 కిలోలు, నాలుగు సెట్లు, ఐదేసి సార్లు, నొప్పి 0. అక్కడి నుంచి వారానికి అర కిలో. 21వ వారంలో 20 కిలోల బార్ మీద ఒక్కో వైపు 5, 2.5, 1.25 ప్లేట్లు ఎక్కాయి. మూడు నెలలు ఒక్కసారి కూడా లేవని 37.5. ఇరవై రెప్‌లు చేసి లేచి, చేతులు తుడుచుకుంటూ ప్లేట్ల వైపు చూసి, మళ్లీ లెక్కపెట్టి, బెంచ్ మీద కూర్చుండిపోయారు. నేనేమీ మాట్లాడలేదు.

27వ వారంలో 40 కిలోలు ఐదేసి సార్లు. తర్వాత ఆరు వారాలు మూడేసి రెప్‌లతో 45 దాకా. 34వ వారంలో, కడ్డీలు సరిచూసి, నేను తల దగ్గర నిలబడగా 40, 45, 47.5, ఆపైన 50. అది లేచింది. మధ్యలో ఒకచోట నెమ్మదించింది కానీ ఆగలేదు. 52.5 చూద్దామా అని ఆమె అడిగారు, వద్దన్నాను. ఆ రోజు తెలుసుకోవలసింది తెలిసిపోయింది.

ఇప్పుడు మార్చుకున్నవి

ఎవరు వచ్చినా ముందు ఖాళీ బార్‌తో హుక్కుల ఎత్తు చూస్తాను. మోచేయి కొద్దిగా మడిచి ఉండగానే బార్ హుక్కు అంచు దాటాలి, రెక్క ఎముకలు బెంచ్‌ను వదలకూడదు. మనిషి పడుకోకముందే ఫోను నొక్కుతాను, బార్ హుక్కుల మీదికి తిరిగి చేరాకే ఆపుతాను. అంచనా అంకెకూ చేసి చూపిన అంకెకూ పొంతన లేకపోతే బలాన్ని అనుమానించే ముందు అమరికను అనుమానిస్తాను. ఒక సూచన రెండు వారాల్లో ఫలితం ఇవ్వకపోతే గొంతు పెంచి అదే చెప్పను, సూచనే మారుస్తాను. "నేను లేనప్పుడు ఏం ఎత్తుతున్నారు?" అని నెలకోసారి అడుగుతాను, జవాబు ఏదైనా కోప్పడనని ముందే చెప్పి.

ఆమె ఇప్పుడు వారానికి రెండు రోజులు చేస్తున్నారు. తదుపరి లక్ష్యం 55. రబ్బరు పలకలు ఎక్కడ పెట్టాలో నేల మీద సుద్దతో గీసుకున్న గుర్తులు చెరిగిపోతుంటే, వచ్చిన ప్రతిసారీ ముందు అవి దిద్దుకుని, తర్వాత కడ్డీలు సరిచూసుకుని, ఆ తర్వాతే బార్ దగ్గరికి వెళ్తారు.